నాలుగో షేడ్

శ్రవణ్‌కుమార్‌కి తన కళ్ల మీద ఉన్నంత నమ్మకం దేవుడికి తన సృష్టి మీద కూడా ఉండి ఉండదు. బంజారాహిల్స్‌లోని ఒక వేలం సంస్థలో పాత వస్తువులకు విలువ కట్టడం అతని ఉద్యోగం. అక్కడ నోరు మూసుకొని పని చెయ్యాలి. ఆ లోటు తీర్చుకోవడానికి 'అసలా? నకిలీనా?' అని రీల్స్ చేసేవాడు. అసలు అని చెబితే జనం ఒక లైక్ కొట్టి వెళ్లిపోయేవారు. నకిలీ అంటే పండగ చేసుకునేవారు. అందుకని పాతబస్తీలో అతనికి అన్నీ నకిలీలే కనిపించేవి.

ఆ గురువారం పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో పాత గ్రామఫోన్ గొట్టం ఒకటి ఎత్తిపట్టుకొని, "ఫ్రెండ్స్, దీన్ని చూశారా..." అని పెదవి విరవబోతుండగా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ లాక్కుంది.

"హలో! ఎక్స్‌క్యూజ్ మీ!"

"ఏంది ఎక్స్‌క్యూజ్? ఇయ్యాల ఎవ్వని దుకాణం ముంచనీకి వచ్చినవ్?"

తిరిగి చూశాడు. ఎదురుగా ఒక అమ్మాయి. చంకలో హెల్మెట్, ముక్కు మీద కోపం, దాని మీద రెండు వాన చినుకులు. కథల్లో అయితే ఇలాంటప్పుడు గాలి వీచాలి, చున్నీ ఎగరాలి. జుమ్మేరాత్ బజార్‌లో గాలి వీస్తే ఎగిరేది తుప్పు ఒక్కటే. అది కాస్తా శ్రవణ్ కంట్లో పడింది. ఒక కన్ను నులుముకుంటూ, రెండో కంటితో ఆమెను చూస్తూ నిలబడ్డాడు. చూడముచ్చటగా ఏమీ లేడు.

"మీరెవరండీ?"

"హుస్సేనీ ఆలంల దీపాల దుకాణం రామ్‌చందర్ బిడ్డను. ఇంద్రజ. సోమవారం నాడు రోడ్డు అవతల నిలబడి మా ఝూమర్‌ను జూమ్ చేసి నకిలీ అని కూసినవ్. యాదికొచ్చిందా?"

యాదికొచ్చింది. ఎందుకు రాదు? ఆ వేలాడే దీపాల గుత్తి రీల్‌కి వచ్చినన్ని లైకులు అతనికి అంతకుముందెప్పుడూ రాలేదు.

"కూయలేదు మేడమ్, ఎక్స్‌ప్లెయిన్ చేశాను. ఒకటి, ఆ ఇత్తడి తళతళలాడుతోంది. విక్టోరియా రాణి కాలపు ఇత్తడి అలా మెరవదు. రెండు, షేడ్స్ కిందికి చూస్తున్నాయి. ఆ కాలం దీపాలు గ్యాస్‌తో వెలిగేవి. మంట పైకి పోతుంది కాబట్టి గాజు షేడ్ కూడా పైకే చూడాలి. కిందికి చూసిందంటే కరెంటు వచ్చాక పుట్టిందే. సింపుల్."

"ముట్టినవా?"

"అంటే?"

"చేతితోని ముట్టి చూసినవా అంటున్న. రోడ్డు అవతల నిలబడి నాడి చూసే డాక్టర్‌ను నిన్నే చూస్తున్న."

చుట్టూ పాత సామాన్లు అమ్మేవాళ్లు బేరాలు ఆపి చూస్తున్నారు. తమను రోజూ దొంగలని చెప్పే కుర్రాడికి ఎవరో దొరికారన్న సంతోషం అందరి ముఖాల్లోనూ ఉంది.

ఇంద్రజ గొంతు తగ్గించింది. "చూడు. మా తాత కాలం సంది ఆ దుకాణం మాట మీద నడుస్తున్నది. కోకాపేట కళావతి మేడమ్ ఆ ఝూమర్ తీస్కుంటనని ఖాయం చేసుకున్నది. నీ రీల్ చూసి ఫోన్ల బాపును మోసగాడు అన్నది. బాపు ఆనాటి సంది షట్టర్ తియ్యలే. సక్కగ తింటలేడు. గల్లీల తల ఎత్తుకొని నడుస్తలేడు. నువ్వొచ్చి ముట్టి చూసి చెప్పు. నకిలీ అని తేలితే నేనే నీ రీల్‌ల నిలబడి చెప్త. అసలైతే నువ్వు చెప్పాలె, ఆమె ముంగట, మా బాపు ముంగట."

"పదండి," అన్నాడు శ్రవణ్ నవ్వుతూ. "ముట్టుకుంటే ఇత్తడి మాట మారుస్తుందా?"

ఆ ధీమా నవ్వును అక్కడే గుర్తు పెట్టుకోవాలి. మళ్లీ చాలా రోజులు అతని ముఖం మీద కనబడలేదు.

*

రామ్‌చందర్ దుకాణం లోపల సగం షట్టర్ వెలుతురులో కప్పు నుంచి రకరకాల దీపాలు వేలాడుతున్నాయి. రామ్‌చందర్ మూల కుర్చీలో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వచ్చినవాడి వైపు చూడలేదు. అతని తల్లి వరమ్మ గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది.

మధ్యలో ఆ ఝూమర్. నాలుగు ఇత్తడి చేతులు, చేతికొకటి చొప్పున గాజు షేడ్. నిమ్మపండు రంగు గాజు మీద పాల చారలు, అంచు లంగా కుచ్చుల్లా మడతలు మడతలుగా. దగ్గర నుంచి చూస్తే అందంగానే ఉంది. కానీ అందంగా ఉందని ఒప్పుకోవడం శ్రవణ్ వృత్తిధర్మానికి విరుద్ధం.

నిచ్చెన ఎక్కి గోరుతో గీకాడు. "పాత పొర ఏదండీ? ఏళ్లు గడిచేకొద్దీ ఇత్తడి మీద గోధుమ రంగు పొర కడుతుంది. అదే దానికి బర్త్ సర్టిఫికెట్. ఇక్కడ అసలు లేనే లేదు."

"ఎవడే వీడు?" అంది వరమ్మ. "మా దుకాణంల మురికి వెతుకుతున్నడు?"

"పొర అమ్మమ్మా, మురికి కాదు."

"ఏదైతేంది? దసర దసరకు నేనే తోముత. చింతపండు, ఇంత బూడిద. మా అత్త తోమింది, నేను తోముతున్న. దుకాణంల లక్ష్మిని కూసోబెట్టి నెత్తి మీద నల్ల ఇత్తడి పెడ్తమా?"

శ్రవణ్ నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. పోయిన శతాబ్దం మొత్తం చింతపండు నీళ్లలో కలిసి హుస్సేనీ ఆలం మోరీలోకి పారిన దృశ్యం అతని కళ్ల ముందు కదిలింది.

"అవ్వా... ఆ పొరకే కదా సగం విలువ!"

"మురికికి పైసలిచ్చెటోడు ఎంత గలీజోడో," అని వరమ్మ మళ్లీ చిక్కుడుకాయల మీద పడింది.

సరే, ఒక కారణం పోయింది. ఇంకొకటి ఉంది కదా అని శ్రవణ్ ధైర్యం తెచ్చుకున్నాడు. "మరి షేడ్స్ కిందికెందుకు చూస్తున్నాయి?"

"పావురాలు," అంది ఇంద్రజ.

"వాట్?"

"పావురాలు. ఇంగ్లీష్ల చెప్పాల్నా? దీన్ని విలాయత్ నుంచి ఒక జాగీర్దారు తెప్పించిండు. గ్యాస్ దీపం. మరి ఆయన దేవిడీల, గంత పెద్ద బంగ్లల, గ్యాస్ ఉండెనా? లేకుండె. ఊర్లనే లేకుండె. పక్క దేవిడీ ఆయన తెప్పించిండని ఈయన తెప్పించిండు. వెలగని దీపం కింద కూసోని దావత్‌లు ఇచ్చేటోడు. పైకి చూసే షేడ్లల్ల పావురాలు గుడ్లు పెట్టినయ్. దావత్‌ల ఎవరి నెత్తి మీదనో ఒక గుడ్డు పడ్డదంట. అప్పుడు చేతులు కిందికి తిప్పించిండు. ఎన్కసిరి కరెంటొచ్చింది. గట్లనే వైరు దూర్చిన్రు. ఆ దేవిడీ అమ్ముడువోయిన నాడు మా తాత కొన్నడు."

గొప్పవాళ్ల గొప్పతనం ఇలాగే ఉంటుంది. గ్యాస్ లేని ఊరికి గ్యాస్ దీపం, అందులో మొదటి కాపురం పావురాలది. శ్రవణ్‌కి నవ్వు వచ్చింది. కానీ నవ్వితే ఓడిపోయినట్టే అని ఆపుకున్నాడు.

"కథ బాగుంది. ప్రూఫ్?"

"నీ చెయ్యి కాడనే ఉన్నది. చిన్న మర ఉన్నది చూడు. అది గ్యాస్ బంద్ చేసే మర. కరెంటు దీపానికి గ్యాస్ మర ఎవడన్న పెడ్తడా? విప్పు."

విప్పాడు. మర నడుమ వైరు పోవడానికి ఎవరో తరవాత చేతితో తొలిచిన రంధ్రం ఉంది, వంకరగా. షేడ్‌ని వదులు చేసి మెడ చూశాడు. కరెంటు షేడ్‌ల మెడ సన్నగా ఉంటుంది. ఇది అరచెయ్యి వెడల్పు ఉంది, మంటకు గాలి అందడానికి. దాన్ని పట్టుకున్న ఇత్తడి కట్టుకి గాలి రంధ్రాలు కూడా ఉన్నాయి. ఏ మొదటి పాఠంలోనైనా ఉండే సంగతులు. అతను కుర్రవాళ్లకు క్లాసులు చెప్పేటప్పుడు ఇవే చెబుతాడు.

ఎక్కినవాడు దిగడం లేదు.

"ఏంది, నోట్ల బెల్లం గడ్డ పెట్టుకున్నవా?" అంది ఇంద్రజ.

"అసలే," అన్నాడు.

"ఇనబడలే. రీల్‌ల మస్తు గట్టిగ మాట్లాడినవ్ గద."

"అసలుదే అన్నాను! విక్టోరియా కాలపు గ్యాస్ ఝూమరే. నేను తప్పు చెప్పాను."

రామ్‌చందర్ మొదటిసారి గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "ఆ మాట నాకెందుకు? కళావతమ్మకు చెప్పు. నాలుగు షేడ్లు, ఇత్తడి ఒళ్లు, అన్నీ అసలే అని ఆమెకు మా అమ్మ మీద ఒట్టేసి చెప్పిన. ఆమె ఊర్ల లేదు. వచ్చే వారం గాక మీది వారం ఆదివారం వస్తది. గప్పుడు చెప్పు."

గడప దగ్గర చిక్కుడుకాయ తుంచుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎవరూ చూడలేదు.

"చెప్పడమేంటి, చూపిస్తాను సార్," అన్నాడు శ్రవణ్ పోయిన పరువు కొంచెమైనా తెచ్చుకోవాలని. "ఈ రంగు గాజులో అప్పట్లో యురేనియం కలిపేవారు. నల్ల లైట్, అంటే అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే చీకట్లో పచ్చగా మెరుస్తుంది. బజారు గాజు మెరవదు. నాలుగు షేడ్స్ మీదా ఆవిడ ముందే లైట్ వేస్తాను. లైవ్ పెడతాను. నా తప్పు చూసినవాళ్లందరూ అది కూడా చూస్తారు."

*

ఆదివారం దాకా శ్రవణ్‌కి ఆ దుకాణంలో ఏ పనీ లేదు. అయినా రోజూ వచ్చాడు. ఒక రోజు ఫొటోలని, ఒక రోజు కొలతలని, మూడో రోజు నిన్నటి కొలతలు సరిగ్గా రాలేదని. ప్రేమలో పడ్డవాడి సాకులకు, బడి ఎగ్గొట్టేవాడి కడుపునొప్పికి పెద్ద తేడా ఉండదు.

"ఇంకెన్ని దిక్కుల నుంచి కొలుస్తవ్? ఝూమరా, జమీనా?" అనేది ఇంద్రజ.

అంటూనే ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెప్పించేది. అతను చాయ్ తాగుతూ ఇంగ్లీష్ కలిపి గాజు చరిత్ర చెప్పేవాడు. ఆమె గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి, మధ్య మధ్యలో ఆవులించి, ఒక్క మాట వదలకుండా వినేది. వాన మొదలైతే ఆమె షట్టర్ సగం దించేది. ఆ సగం చీకట్లో ఒకరినొకరు చూసుకోవడం సులువు. పట్టుబడితే ఝూమర్‌ని చూస్తున్నామనొచ్చు.

ఒక సాయంత్రం శ్రవణ్ ఫోన్ మోగింది. చేతికి చాయ్ అంటి ఉండి స్పీకర్ నొక్కాడు. అక్కడ అయిపోయింది అతని బంజారాహిల్స్.

"ఒరేయ్! నల్ల బర్రె తాడు తెంపుకొని లేఔట్లకు ఉరికింది. మీ నాయిన ఒక్కడే ఉరుకుతున్నడు. యాడున్నవ్?"

"అమ్మా... మీటింగ్‌ల ఉన్న."

"మీటింగ్ నీ మొఖం! జల్‌పల్లికి ఎప్పుడొస్తవ్?"

శ్రవణ్ ఫోన్ పెట్టేశాడు. ఇంద్రజ చెంపకు చెయ్యి ఆనించుకొని అతన్ని కొత్తగా చూసింది.

"అంటే నువ్వు జల్‌పల్లా?"

"అవును."

"పాల వ్యాపారమా?"

"అవును."

"మరి గీ 'వాట్', గీ 'మేడమ్', గా ముక్కుతోని మాట్లాడుడు ఏంది?"

శ్రవణ్ నిట్టూర్చాడు. నిట్టూర్పుతో పాటు రీల్స్ తెలుగు కూడా బయటికి పోయింది. "ఏం జెయ్యమంటవ్? మొదట్ల మా సంస్థల నేను నోరు తెరిస్తే ముందు నవ్వేటోళ్లు, ఎన్క సామాను చూసేటోళ్లు. గిట్ల మాట్లాడితే నమ్ముతరు."

"అంటే నిన్ను గూడ చింతపండేసి తోమిన్రన్నట్టు."

"నవ్వు, నవ్వు."

"నవ్వక? ఇంటి బర్రెలకు సిగ్గుపడ్డోడు మా ఇత్తడికి పొర లేదని ఏడ్చిండు." ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుంటూ అంది, "గిట్లనే మాట్లాడు. జర మనిషి లెక్క కనబడుతున్నవ్."

ఆ ఒక్క మాటకు శ్రవణ్ జల్‌పల్లి దాకా వానలో తడుస్తూ, ట్రాఫిక్‌లో పాడుకుంటూ పోయాడు. బర్రె అతను వెళ్లకముందే దొరికింది.

*

శనివారం ఇంద్రజ లేని సమయం చూసి వరమ్మ అతన్ని దుకాణం వెనక వసారాలోకి పిలిచింది. చేతిలో బెల్లం పెట్టింది. ముసలివాళ్లు ఊరికే బెల్లం పెట్టరు.

"బిడ్డా, ఆ నల్ల లైటు మూడు షేడ్లకే వెయ్యి."

"నాలుగున్నయ్ గద అవ్వా?"

"నాలుగోది నేను పలగ్గొట్టిన." చుట్టూ చూసింది. "ఇంద్ర చిన్నగున్నప్పుడు. దసరకు తోముతుంటె జారింది. రామ్‌చందర్ ఊరికి పోయిండు. జుమ్మేరాత్ బజార్ల అచ్చం గసొంటిదే దొరికితే తెచ్చి తగిలించిన. వాడు గుర్తుపట్టలే. నేను చెప్పలే. ఎట్ల చెప్త ఇగ? నాలుగూ అసలే అని నా మీద ఒట్టేసిండు. అబద్ధపు ఒట్టు అని తెలిస్తే వాడు తట్టుకోడు బిడ్డా. మొన్ననే గోడకు తిరిగి పండుకున్నడు."

శ్రవణ్ నోట్లో బెల్లం కరగడం మానేసింది. అలాంటి షేడ్‌లు నాలుగూ జతగా ఉంటే ఒక విలువ. ఒక్కటి తప్పిపోతే మిగతా మూడింటి విలువ కూడా సగానికి పడిపోతుంది. తెలిసి ఒప్పు అని చెబితే దాన్ని ఏమంటారో అతను తన రీల్స్‌లో ఎన్నోసార్లు, ఎంతో ఆనందంగా చెప్పాడు.

"నేను చెప్పకపోతే...?"

"చెప్పకపోతే మా పిల్లను నీకిప్పిస్త," అంది వరమ్మ, కూరగాయల బేరంలా. "నాకు కండ్లు లేవనుకున్నవా? రోజొచ్చి ఏం కొలుస్తున్నవో నాకు తెల్వదా? రామ్‌చందర్ నా మాట జవదాటడు. నువ్వు చెప్తే మాత్రం వాడు నిన్ను గడప తొక్కనియ్యడు. ఆ పిల్ల గూడ చూడదు, తండ్రంటె దానికి పానం."

రెండూ నిజమే. అదే శ్రవణ్ బాధ. ఆ రాత్రి అతనికి తన కళ్ల మీద మొదటిసారి కోపం వచ్చింది.

*

ఆదివారం పొద్దుటి నుంచే ముసురు. రామ్‌చందర్ ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. పక్కన అత్తరు దుకాణం బాలకిషన్, ఇంకో నలుగురు దుకాణదారులు వచ్చి నిలబడ్డారు. కళావతి మేడమ్ కారు దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని, పాతబస్తీ బురదను పాతబస్తీ తప్పులా చూస్తూ లోపలికి వచ్చింది.

"నాకు అథెంటిక్ కావాలండీ," అంది. "మా విల్లాలో డైనింగ్ టేబుల్ మీద వేలాడదీస్తాం. గెస్ట్‌లు అడిగితే స్టోరీ చెప్పాలి కదా."

జాగీర్దారు పోయాడు కానీ వెలగని దీపం కింద దావత్‌లు ఇచ్చే జాతి పోలేదు.

శ్రవణ్ ఫోన్ స్టాండ్‌కి పెట్టి లైవ్ మొదలుపెట్టాడు. ముందు తన తప్పు చెప్పాడు. ముట్టకుండా తీర్పు చెప్పానని, మర చూపించి, మెడ చూపించి, ఒళ్లు అసలుదేనని చెప్పాడు. రామ్‌చందర్ భుజాలు కొంచెం పైకి లేచాయి. ఇంద్రజ తండ్రినే చూస్తోంది. శ్రవణ్ టార్చ్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇప్పుడు గాజు."

షట్టర్ పూర్తిగా దించారు. చీకటి. శ్రవణ్ నిచ్చెన మీద నుంచి టార్చ్ వేశాడు. మొదటి షేడ్ పచ్చగా భగ్గుమంది. అందరూ "వాహ్" అన్నారు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆ పచ్చటి వెలుతురులో నిచ్చెన పట్టుకున్న ఇంద్రజ ముఖం కనిపించింది. నవ్వుతోంది. తర్వాత ఆ నవ్వు ఆగింది, ఎందుకంటే టార్చ్ మూడోదాని దగ్గరే ఆగిపోయింది.

వరమ్మ దగ్గింది.

"ఇంకొకటి ఉంది కదా?" అంది కళావతి.

శ్రవణ్ చెయ్యి జరిపాడు. నాలుగో షేడ్ మీద లైట్ పడింది. ఏమీ జరగలేదు. చీకట్లో చీకటిలా వేలాడింది.

"ఒళ్లు అసలు," అన్నాడు. "మూడు షేడ్లు అసలు. నాలుగోది తర్వాత తగిలించింది."

షట్టర్ లేపారు. తెల్లటి వాన వెలుతురు లోపలికి వచ్చింది. ఆ వెలుతురులో రామ్‌చందర్ ముఖం చూడడం ఎవరికీ ఇష్టం లేక అందరూ ఝూమర్‌నే చూశారు.

"సో, చీటింగే కదా?" అంది కళావతి. "రీల్‌లో చెప్పింది కరెక్టే అన్నమాట."

"ఆగమ్మా!" వరమ్మ లేచి నిలబడింది. "వానికి తెల్వదు. పలగ్గొట్టింది నేను, తగిలించింది నేను, దాచింది నేను. అనేదుంటె నన్నను."

రామ్‌చందర్ తల్లిని చూశాడు. "అమ్మా... నీ మీద ఒట్టేసిన."

"ఏసినవ్. పోయిన్నా? ఉన్న గద. నీ ఒట్లకు పోయేదాన్నయితే నువ్వు బడికి పోయే నాడే పోదును."

ఎవరో కిసుక్కుమన్నారు. రామ్‌చందర్ నవ్వలేదు. నెమ్మదిగా కళావతి ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "మేడమ్, నేను చెప్పిన మాట తప్పు. తెల్వక చెప్పిన, కని తప్పు తప్పే. ఈ సరుకు మీకియ్య."

"పర్లేదు లెండి, రేటు తగ్గిస్తే..."

"తగ్గించినా ఇయ్యనమ్మా. తప్పు మాట మీద కుదిరిన బేరం నాకొద్దు."

కళావతి మళ్లీ కుచ్చిళ్లు ఎత్తుకొని వెళ్లిపోయింది. రామ్‌చందర్ శ్రవణ్ వైపు తిరగకుండానే అన్నాడు, "పని అయింది గద. పో బిడ్డా."

*

బయట బండి స్టార్ట్ కాలేదు. ఘనంగా నిష్క్రమించాల్సిన సమయంలో బండ్లు స్టార్ట్ కావు. శ్రవణ్ వానలో కిక్ కొడుతూనే ఉన్నాడు.

"ఆగు." ఇంద్రజ.

"కొట్టేదుంటే తొందరగ కొట్టు. వాన ఎక్కువైతున్నది."

"నిన్ను కొట్టి నా చెయ్యెందుకు ఖరాబు చేసుకోవాలె? మా బాపమ్మ నీకు షేడ్ సంగతి ముందుగాలనే చెప్పిందా?"

"చెప్పింది."

"ఏమిస్తనన్నది? ఆమె ఊకె ఎవ్వరినీ ఏదీ అడగదు."

శ్రవణ్ హ్యాండిల్ వైపు చూశాడు. "నిన్ను."

"నన్నా!" ఇంద్రజ నడుము మీద చేతులు పెట్టుకుంది. "పగిలిన షేడ్‌కు బదులు నేనా! మస్తు బేరం. మరి నీకు ఇష్టం లేకుండెనా?"

"ఇష్టం లేకుంటే రోజు జల్‌పల్లి నుంచి గీ ట్రాఫిక్‌ల ఏం కొలవనీకొచ్చిన?"

"మరి లైటెందుకేసినవ్?"

అతను కిక్ కొట్టడం మానేశాడు. "ఎయ్యకపోతే నువ్వొస్తవ్. వచ్చినంక ఏదో ఒకనాడు నీకు తెలుస్తది. గా దినం నన్ను నువ్వు ఒక చూపు చూస్తవ్ గద, బజార్ల ఫోన్ గుంజుకున్ననాడు చూసినట్టు. ఎల్లకాలం గా చూపుకు భయపడుకుంట నీ పక్కన కూసోని అన్నం తినుడు నాతోని గాదు. ఇప్పుడే తిట్లు తిని పోవుడు నయమనిపించింది."

వాన దంచికొడుతోంది. ఇంద్రజ ఛజ్జా కింద నిలబడలేదు, వానలోకే వచ్చింది.

"నీ లైటు మూడోదాని కాడ ఆగినప్పుడే నాకు సమజైంది, నాలుగోదాంట్ల ఏదో ఉన్నదని. నువ్వు గా లైటు బంద్ చేసి జేబుల పెట్టుకుంటవేమోనని నా పానం పోయింది. గట్ల పెట్టుకుంటే ఇంక నీ మొఖం చూసేదాన్ని గాదు." ఆగింది. "నాకేమో నీ మొఖం చూడాలని ఉన్నది. గదీ నా తిప్పలు."

ఇంత తిట్టినట్టు ఎవరైనా ప్రేమను చెబుతారా అంటే, హుస్సేనీ ఆలంలో చెబుతారు. శ్రవణ్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. వానలో కాబట్టి పరువు దక్కింది.

"ఇంకొకటి చెప్పాలె," అన్నాడు. "గా సోమవారం నేను ఝూమర్‌ను చూడలే. దాని కింద నిలబడి ఎవరినో తిడుతున్న నిన్ను చూసిన, బజార్ల తెల్వనట్టు అడిగిన గని. అందుకే తప్పు చెప్పిన."

"థూ! సినిమా డైలాగ్." కానీ ఆమె ముఖం తిప్పుకున్న తీరు చూస్తే ఆ డైలాగ్ చాలా రోజులు దాచుకునేటట్టే ఉంది.

"ఇంద్రా!" దుకాణంలోంచి రామ్‌చందర్ గొంతు. "వానల ఏం లొల్లి? ఇద్దరూ లోపలికి రాండ్రి."

లోపల బాలకిషన్ ఇంకా వెళ్లలేదు. "రామ్‌చందర్ భాయ్, మా ఇంట్ల తాతనాటి గాజు హండీ దీపాలు ఉన్నయ్, అమ్ముదామనుకుంటున్న. నువ్వొచ్చి చూసి ఏది అసలో ఏది కాదో చెప్పు. ఇయ్యాల కండ్లార చూసిన, బేరం పోయినా అబద్ధం అమ్మలే, నువ్వు చెప్తేనే నమ్ముత," అంటున్నాడు. రామ్‌చందర్ తల ఊపాడు. అతని మెడ మళ్లీ నిటారుగా నిలబడింది. తర్వాత శ్రవణ్‌ని కింది నుంచి పైదాకా, కొనే సరుకును చూసినట్టు చూశాడు.

"మీ ఇంట్ల పెద్దోళ్ల నంబర్ చెప్పు."

ఫిర్యాదు చేస్తాడనుకొని శ్రవణ్ బిక్కచచ్చి నంబర్ చెప్పాడు. రామ్‌చందర్ స్పీకర్ పెట్టాడు.

"నమస్తే అమ్మా. హుస్సేనీ ఆలం నుంచి, దీపాల దుకాణం రామ్‌చందర్‌ను. మీ పిల్లగాడు మా కాడున్నడు."

"ఏం పలగ్గొట్టిండు?" అంది శ్రవణ్ తల్లి బుచ్చమ్మ వెంటనే.

"పలగ్గొట్టలే. పగిలింది చూపించిండు. మాకు ఒక్కతే బిడ్డ. వానల మాట్లాడుకున్నది ఇన్న, వీళ్లిద్దరికీ ఇష్టమున్నట్టున్నది. మీకు గూడ ఇష్టమైతే వచ్చి చూడుండ్రి. కని ముందుగాలనే చెప్తున్న అమ్మా. మా పిల్లకు నోరు మస్తు. కోపమొస్తే చిన్న పెద్ద చూడదు. వంట సక్కగ రాదు, చారు పెడ్తె ఉప్పెక్కువ. తర్వాత రామ్‌చందర్ చెప్పలే అనొద్దు."

"బాపూ!" అని అరిచింది ఇంద్రజ.

ఫోన్‌లో వెనకాల ఒక బర్రె అరిచింది. తర్వాత బుచ్చమ్మ గొంతు మెత్తబడింది. "మంచిగ చెప్పినవన్నా. గిట్ల ఎవ్వరు చెప్పరు. మరి మావోనియి గూడ విను. పొద్దెక్కినా లేవడు. బర్రెలంటే సిగ్గు. ఇంగ్లీష్ మాట్లాడుతడు, సగం మాకు తెల్వదు, సగం వానికే తెల్వదు. లోకంల తనకంటే తెలివైనోడు లేడనుకుంటడు."

"అది చూసినమమ్మా."

"ఇంకా ఉన్నయన్నా..."

"చెప్పమ్మా, ఫికర్ లేదు. మా దాంట్ల గూడ ఇంకా ఉన్నయ్."

వరమ్మ హాయిగా గోడకు ఆనుకొని కూర్చుంది. ఇంద్రజ, శ్రవణ్ తడిసిన బట్టలతో పక్కపక్కన నిలబడి, తమ తప్పులన్నీ ఒకటొకటిగా రెండిళ్ల మధ్య చేతులు మారడం విన్నారు. ఆమె వేళ్లు అతని వేళ్లను ఎప్పుడు పట్టుకున్నాయో ఇద్దరికీ తెలియదు.

"వచ్చే ఆదివారం రాండ్రి అమ్మా," అన్నాడు రామ్‌చందర్ చివరికి. "పొద్దు మునగకముందే రాండ్రి. ఏదైన వెల్తురుల చూసుకొని తీస్కపోతేనే మంచిది."